కొసరుగా పోయిన బొమ్మ

తెయోతిత్లాన్,
జూన్ 7, 1964

అన్నయ్యకు మక్రీనా రాసేది.

అక్కడ పనిచేసే మన ఊరి ఇలారియో ఒకరోజు ముందే టిహువానాకు బయల్దేరిపోయాడు. "బస్సువాడు నీ ఉత్తరం కోసం ఆగుతాడా అక్కా" అని నవ్వాడు. మూట వాడి భుజానికెత్తి, ఈ ఉత్తరం టపాలో వేస్తున్నాను. మూటకంటే ముందు ఇది నీకు చేరితే బాగుండు.

మూటలో ఐదు పెద్ద కంబళ్ళున్నాయి. మీ బావ చలికాలంలో నేసినవి, నీ కొట్టులో అమ్మకానికి. మూట పైన తాడు కింద పెట్టిన రెండు జానల ముక్క మాత్రం అమ్మకానిది కాదు. అందులో ఉన్నది మన తీలా.

నువ్వు గుర్తుపడతావో లేదో. నువ్వు టిహువానా వెళ్ళేటప్పటికి అది ఇంకా గోడ పట్టుకుని నడిచేది. మొన్న మార్చిలో తట్టుతో పోయేనాటికి ఐదేళ్ళ పిల్ల. పొద్దస్తమానం కర్ర పుచ్చుకుని పెరట్లో టర్కీ పుంజును తరిమేది. రొమ్ము విరుచుకుని నడుస్తుందని ఆ పుంజుకు మేయరుగారని పేరు పెట్టింది. ఒకరోజు అసలు మేయరుగారి భార్య మన దడి పక్కన పోతుంటే, "మేయరూ, ఎంత తింటావురా, పొట్ట పగిలి చస్తావు" అని అరిచింది. నేను వారం రోజులు ఆవిడకు కనబడకుండా తిరిగాను.

దానికి ఫోటో లేదు. ఫోటోలవాడు జూలై జాతరకే గదా వచ్చేది. నిరుడు వచ్చినప్పుడు, కొత్త గౌను కుట్టించాక వచ్చే ఏడు తీయిద్దాంలే అన్నది నేనే. పిల్లను పూడ్చిపెట్టి వచ్చిన వారానికి మీ బావ మగ్గం ముందు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇది నేశాడు, కర్రతో పుంజును తరుముతున్న తీలాను. "ముఖం మరిచిపోతానేమోనని భయంగా ఉంది" అన్నాడు. అది కోసి దించాక మళ్ళీ మగ్గం ముట్టుకోలేదు.

జ్ఞానస్నానంలో దాన్ని ఎత్తుకున్న జ్ఞానతండ్రివి నువ్వు. మట్టి వెయ్యడానికి రాలేకపోయావు. కొన్నాళ్ళు నీ గదిలో మేరీమాత పటం ముందు ఉండనిమ్మని ఆయనే పంపమన్నాడు. ఆత్మల పండక్కి వచ్చేటప్పుడు తీసుకురా. పోయినవాళ్ళందరితో పాటు ఈ ఏడే అది మొదటిసారి ఇంటికొస్తుంది. ఆ రోజు బొమ్మను ధూపం ముందు పెట్టాకే మళ్ళీ నేస్తానన్నాడు.

లోపల పెడితే నలుగుతుందని పైనే కట్టాను. మూట విప్పగానే నీకు కనబడాలని కూడా.

నీ చెల్లెలు
మక్రీనా


టిహువానా,
జూన్ 18

మక్రీకి, బావకు,

మూట క్షేమంగా చేరింది. ఇలారియో దారిపొడుగునా దాన్ని దిండు చేసుకుని పడుకున్నట్టున్నాడు, తల గుంట ఇంకా ఉంది. మూడు రోజుల్లో నాలుగు కంబళ్ళు పోయాయి. బావ చేతికి ఈ సరిహద్దు ఊళ్ళో ఎంత పేరుందో మీకు తెలీదు.

నక్షత్రాల కంబళి ఒక పొడుగాటి అమెరికా ఆవిడ కొన్నది. ఎర్ర జుట్టు, నెత్తిన తెల్ల టోపీ. వాళ్ళాయన చొక్కా నిండా చేపల బొమ్మలు. బేరం దగ్గర కాసేపు లాగింది కాని, మూట పైనున్న చిన్నది కొసరుగా చేతిలో పెట్టేసరికి నోరు మూతపడింది. దాన్ని చెంపకు ఆనించుకుని చిన్నపిల్లలా నవ్వింది. బావా, కొసరు ముక్కకు అంత పనితనం ఎందుకయ్యా? ఆ పిల్ల ఎవరోగాని నీ పోలికే, ముక్కు కనబడలేదు. కోడి కాలు మాత్రం మరీ సన్నం, నేనైతే కాస్త లావు పెడతాను.

నిజం చెప్పనా, ఆ బొమ్మ చూసి నా మనసు కుదుటపడింది. బావ మళ్ళీ ఆటబొమ్మలు నేస్తున్నాడంటే మీ ఇంట్లో దుఃఖం కాస్త పల్చబడిందన్నమాట. అలాంటివి ఇంకో పది పంపండి, కొసరుతో పెద్దవి ఎగిరిపోతాయి.

ఈ ఉత్తరం బావకు చదివి వినిపించు. ముక్కు సంగతి వదిలెయ్యకు.

ఎలీహియో


తెయోతిత్లాన్,
జూలై 2

అన్నయ్యా,

నా ఉత్తరం నీకు అందలేదు. అందితే అలా రాసేవాడివి కాదు. నాకు తెలియాలనే ఆ దేవుడు నీ చేత అలా రాయించాడనుకుంటాను.

నువ్వు కొసరుగా ఇచ్చింది తీలాని.

నిన్ను అనడానికి నాకు నోరు లేదు. పైన కట్టింది నేనే. మూట పైన కట్టిందే కొసరని మన ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. పుట్టినప్పటినుంచి నాన్న మూటలు కట్టినదాన్ని. ఆ పొద్దున నాకు అది తట్టలేదు. నలిగిపోతుందన్న ఒక్క దిగులే ఉంది. చేతులారా నేనే పంపేశాను.

నీ ఉత్తరం వచ్చినప్పుడు మీ బావ పక్కనే కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు కాబట్టి బతికిపోయాను. నువ్వు దాన్ని పటం ముందు పెట్టావని, రోజూ పువ్వులు పెడుతున్నావని చదివాను. "ఏం పువ్వులు?" అని అడిగాడు. తెల్ల గులాబీలన్నాను. "అక్కడ గులాబీలు దొరుకుతాయన్నమాట" అన్నాడు. మార్చి తర్వాత ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది అన్నయ్యా.

ఆ ఎర్ర జుట్టావిడను పట్టుకో. ఎలా పట్టుకుంటావో నాకు తెలీదు. కాళ్ళు పట్టుకో. ఐదు కంబళ్ళ డబ్బూ ఆవిడకే ఇచ్చెయ్యి. ఆత్మల పండగ లోపల అది నా ఇంట్లో ఉండాలి.

మక్రీనా


టిహువానా,
జూలై 16

మక్రీ,

నీ రెండు ఉత్తరాలూ ఒక్కరోజే అందాయి. జూన్ నాటిది ఎక్కడ తిరిగిందో ఏమో. మొదట దాన్నే విప్పాను. "మన తీలా" అన్న చోటు దాటి చదవలేకపోయాను. ముక్కు లేదని వెక్కిరించిన నోటిని ఏం చేసుకోవాలో తెలియలేదు. పక్క కొట్టు పెద్దాయన చేమా పరుగెత్తుకొచ్చి "ఎవరు పోయారు?" అన్నాడు. ఏమని చెప్పను?

వెతుకుతున్నాను. ఆవిడ పేరు తెలీదు, ఊరు తెలీదు. తెలిసిందల్లా టోపీ, జుట్టు, మొగుడి చొక్కా. అమెరికావాళ్ళు ఆదివారం సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు సరిహద్దు గేటు దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి. ఆ వరసలో కారు కారుకీ వంగి చూస్తున్నాను. బొమ్మలమ్మేవాడిననుకుని అద్దాలెత్తేస్తున్నారు. సత్రాల్లో ఊడ్చేవాళ్ళందరికీ చెప్పి ఉంచాను.

కోప్పడకు, ఒకమాట అడుగుతాను. దొరక్కపోతే బావ ఇంకొకటి నెయ్యలేడా? చెయ్యి అదే, రంగులు అవే గదా.

ఎలీహియో


తెయోతిత్లాన్,
ఆగస్టు 9

అన్నయ్యా,

ఇంకొకటి నెయ్యమని ఎవరు అడుగుతారు? నేనా? "అన్నయ్య నీ కూతుర్ని కొసరుకిచ్చాడు, ఇంకో కూతుర్ని నెయ్యి" అననా? ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

మనిషి ఎండిపోతున్నాడు. మగ్గానికి ఎదురుగా స్టూలేసుకుని పొద్దంతా కూర్చుంటాడు. నేను ఉన్ని ఏకి, వడికి, రంగులద్ది దండేలకు ఆరేస్తున్నాను, నేసేవాడు లేక దండేలు నిండిపోయాయి. మొన్న ఆయన పెదనాన్న కొడుకు వచ్చి మగ్గం బేరమాడాడు. "ఊరికే పడి ఉండే బదులు మాకిచ్చెయ్యరాదూ" అన్నాడు. ఈయన కసరలేదు. "పండగ కానీ. పిల్ల వచ్చి చూసిపోయాక చెబుతాను" అన్నాడు. వాడు వెళ్ళాక నాతో అన్నాడు: "దానిది అంటూ ఏదీ లేని ఇంట్లో నేనెందుకు నెయ్యాలి మక్రీనా? అదొక్కటన్నా ఉంది, నయం."

అదొక్కటన్నా ఉందట. నేను పొయ్యి దగ్గరికి పోయి రొట్టెలు కాల్చుకున్నాను.

ప్రతి వారం నీ ఉత్తరం వచ్చిందని ఉత్త కాగితం పట్టుకుని చదువుతున్నాను. నీ గదిలో పటం ఇప్పుడు కిటికీ పక్కన ఉంది, పొద్దుటి ఎండ తీలా మీద పడుతుంది, చేమా కూడా వచ్చి దండం పెట్టుకుని పోతాడు. నువ్వు వచ్చినప్పుడు ఇవన్నీ గుర్తుపెట్టుకుని మాట్లాడాలి. అబద్ధాలు అడుగంటిపోతున్నాయి, త్వరగా నిజమేదన్నా పంపు.

మక్రీనా


టిహువానా,
సెప్టెంబరు 6

మక్రీ,

చేపల చొక్కా వేసుకున్నాడంటే చేపలు పట్టేవాడై ఉంటాడని చేమా అన్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ. ఎన్సెనాదా రేవుకు పోయి పడవలవాళ్ళను అడిగాను. ఎర్ర జుట్టావిడ జూన్‌లో వచ్చిందని ఒకడన్నాడు. కాదు, ఆవిడది పసుపు జుట్టని ఇంకొకడు. వాళ్ళిద్దరూ కొట్టుకున్నారు, నాకు మాత్రం ఏమీ తేలలేదు.

పోయిన ఆదివారం కార్ల వరసలో తెల్ల టోపీ కనిపించింది. పరుగెత్తి కారు తలుపు పట్టుకున్నాను. ఆవిడ కాదు. భయపడి కేకలేసింది. పోలీసులు తీసుకుపోయి రెండు రోజులు కూర్చోబెట్టారు. "ఏం దొంగిలించబోయావు?" అన్నారు. "నా మేనకోడలు ఆ కార్లో ఉందనుకున్నాను" అన్నాను. అది అబద్ధం కాదు గదా. వాళ్ళు రిజిస్టరు తీసి మేనకోడలి వయసెంత, ఎప్పుడు తప్పిపోయింది అని అడగడం మొదలుపెట్టారు. ఇక నా వల్ల కాలేదు, అక్కడే బల్ల మీద తలపెట్టి ఏడ్చాను.

ఇంకా వెతుకుతాను. నువ్వు మాత్రం ధైర్యంగా ఉండు.

ఎలీహియో


తెయోతిత్లాన్,
సెప్టెంబరు 27

ఎలీహియోకి,

ఇలారియో వాళ్ళావిడకు ఉత్తరం రాశాడు. ఆవిడ సంతలో అందరి ముందూ చదివింది. నువ్వు కొట్టు మూసేసి, గదికి లోపల గడియ పెట్టుకుని పడి ఉంటున్నావట. తలుపు కొడితే "పో" అంటున్నావట. గదిలోంచి పొద్దంతా టకటకమని ఏదో చప్పుడట. తాగుడు మొదలైతే ఇలాగే ఉంటుందని ఆవిడ కనిపెట్టింది.

నేను ఇక్కడ ఉత్త కాగితాలు చదువుతుంటే నువ్వక్కడ తాగి గోడకు తల కొట్టుకుంటున్నావు. వెతుకుతానన్నది నాకు చెప్పడానికేనా? ఆ పిల్లను గుళ్ళో నీళ్ళ తొట్టి దగ్గర ఎత్తుకున్న చేతులు నీవి. జ్ఞానతండ్రికి ఆ మాత్రం పట్టదా?

పండగకు వేసిన బంతి మొక్కలు మొగ్గ తొడిగాయి. ఇక నాకు రాయకు. దొరికితేనే రాయి.

మక్రీనా


టిహువానా,
అక్టోబరు 10

మక్రీ,

దొరికింది.

ఆవిడే వచ్చి ఇచ్చింది. ఎక్కువ రాయలేను, చేతులు బొబ్బలెక్కాయి. ఇలారియో పండక్కి వస్తున్నాడు, పొట్లం వాడితో పంపుతున్నాను. ఈసారి మూట పైన కట్టను, వాడి చొక్కా లోపల పెట్టి కుడతాను.

నేను రాను. బావ ముందుకు ఏ ముఖం పెట్టుకుని రాను?

ఎలీహియో


తెయోతిత్లాన్,
అక్టోబరు 11

అన్నయ్యా,

రాయొద్దన్నాను గాని నేనే రాస్తున్నాను. కోపంలో అన్నవి మనసులో పెట్టుకోకు. మనకు మిగిలింది మనమే.

నీకొకటి చెప్పలేదు. ఆవిడ ఎవరికన్నా ఇచ్చేసి, నువ్వు ఇంకెక్కడో చూస్తే గుర్తుపట్టాలి గదా, అందుకు చెబుతున్నాను. కోడి తరిమే పిల్లల్ని మన ఊళ్ళో చాలామంది నేస్తారు. తీలా బొమ్మకు జడ మీద వేలు పెట్టి చూడు. జ్వరంలో తల చల్లబడుతుందని దాని జడ నేనే కత్తిరించి దాచాను. మీ బావ దాన్ని పేకలో పెట్టి నేశాడు. ఆ జడ ఉన్ని కాదు, అది తీలా జుట్టే. చూడ్డానికి నల్ల ఉన్నిలానే ఉంటుంది. చేత్తో తాకితేనే తెలుస్తుంది.

అందుకే ఇంకొకటి నెయ్యమన్నప్పుడు నీ మీద అంతలా విరుచుకుపడ్డాను.

మక్రీనా


టిహువానా,
అక్టోబరు 23

మక్రీ, పొట్లం విప్పకు.

ఇలారియో నిన్ననే బయల్దేరాడు, నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. ఇది వాడికంటే ముందు చేరాలని ఎక్స్‌ప్రెస్ టపాలో వేస్తున్నాను. ఆవిడ రాలేదు. దొరకలేదు. పళ్ళపెట్టెల చెక్కలతో గదిలో మగ్గం బిగించి నేనే నేశాను. అమ్ముడుపోని ఐదో కంబళి విప్పి, బావ నూలుతోనే నేశాను. నాన్న నేర్పిన తర్వాత పదేళ్ళుగా ముట్టని చెయ్యి, ఐదుసార్లు పాడై ఆరోసారికి వచ్చింది. దానికి జడ ఉన్నితో పెట్టాను మక్రీ. నాకు తెలీదు.

బావ దాన్ని చేత్తో తాకకూడదు. పొయ్యిలో పడెయ్యి. బస్సులో పోయిందని చెప్పు, ఇలారియో పారేశాడని చెప్పు, నేను అమ్ముకున్నానని చెప్పు. ఏదైనా చెప్పు.

ఎలీహియో


తెయోతిత్లాన్,
నవంబరు 4

అన్నయ్యకు,

నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం నిన్న వచ్చింది. ఇలారియో పొట్లం ముప్పయ్యో తేదీనే ఇచ్చాడు.

విప్పగానే నమ్మేశాను. ఆ ఎరుపు నేను నాగజెముడు మీద పెరిగే పురుగులను నూరి తీసిన ఎరుపే. ఆ నీలం నా కుండలోదే. నా చేతి రంగులు నేను గుర్తుపట్టనా? ముద్దుపెట్టుకున్నాను. అప్పుడు పెదవికి జడ తగిలింది. ఉన్ని.

అప్పటికి ఇలారియో పెరట్లో కూర్చుని మీ బావతో మాట్లాడుతున్నాడు. చేసేదేముంది? మర్నాడు పొద్దున్నే ముందుగదిలో బల్ల మీద బంతిపూలు, రొట్టెలు, తాగే చాక్లెట్ గిన్నె పెట్టి, వాటి వెనకాల ఎత్తుగా, చెయ్యి అందనంత దూరంలో బొమ్మను గోడకు ఆనించాను. దాన్ని ముట్టుకోవద్దని, ధూపం మసి అంటుతుందని ఆయనకు చెప్పాను. అంతకంటే తెలివి తట్టలేదు.

పోయిన పిల్లల ఆత్మలు వచ్చే వేళ దగ్గరపడుతుంటే ఆయన స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ధూపం వేశాడు. తర్వాత రొట్టెలు పక్కకు జరిపి, చెయ్యి చాపి, బొటనవేలు జడ మీద పెట్టాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"కోడి కాలు లావుగా ఉంది" అన్నాడు.

"మగ్గం మీద ఎలీహియో పేక దెబ్బ ఎప్పుడూ వదులే. మీ నాన్న ఎంత తిట్టినా బిగించేవాడు కాదు" అన్నాడు. తర్వాత "అది ఎక్కడుంది?" అని అడిగాడు.

అన్నీ చెప్పాను. పైన కట్టింది నేనని చెప్పాను. తెల్ల గులాబీలు లేవని, ఎండ లేదని, ఉత్త కాగితాలు చదివానని చెప్పాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండనుకున్నాను. ఇంతలో ఇరుగుపొరుగు రొట్టెలతో వచ్చారు. అందర్నీ కూర్చోబెట్టి తనే చాక్లెట్ పోసి ఇచ్చాడు.

వాళ్ళు వెళ్ళాక నన్ను మగ్గం దగ్గరికి పిలిచి స్టూలు మీద కూర్చోమన్నాడు. నా జడ విప్పి, కొస నుంచి వేలెడు కత్తిరించాడు. బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, సూదితో నీ నల్ల ఉన్ని ఒక్కో పోగూ లాగేసి, ఆ చోట నా జుట్టు ఎక్కించాడు. "దాని జుట్టు మాత్రం ఎక్కడిది, నీదే గదా" అన్నాడు. రెండు మూడు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ఏరేస్తానంటే వద్దన్నాడు.

"ఉండనీ. అదీ పెద్దదవుతుంది గదా."

అప్పుడు ఏడ్చాడు అన్నయ్యా. మార్చి నుంచి ఏడవనిది ఇప్పుడు ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. బల్ల మీద చాక్లెట్ చల్లారిపోతే, పిల్ల వచ్చే వేళని మళ్ళీ వేడి చేశాను.

మొన్న మగ్గం కోసం వాళ్ళ పెదనాన్న కొడుకు బండి తోలుకొచ్చాడు. ఈయన లోపల పడుగు పోసుకుంటున్నాడు. "ఖాళీ లేదు, పో" అన్నాడు. వాడు ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాడట. నీ మీద మీ బావకు కోపముంది. వచ్చే ఏడు నువ్వే వచ్చి ఆ కోడి కాలు విప్పి సరిగ్గా నెయ్యాలట, అప్పటిదాకా నీతో మాట్లాడడట. నీ చేతుల బొబ్బలకు గొర్రె కొవ్వు రాసుకో.

ఇక కార్ల వెంట పరుగెత్తకు. ఆవిడను వెతకొద్దు. కాని ఎప్పుడన్నా ఆవిడే నీ కొట్టుకు వస్తే వెనక్కి ఇమ్మని అడగకు. దుమ్ము దులపడానికి దాన్ని కర్రతో కొట్టొద్దని మాత్రం చెప్పు. జడ దగ్గర మెల్లగా చేత్తో తుడిస్తే చాలని చెప్పు.

మక్రీనా